వదిన తిట్టడం మానేసిన వారం

మా బృందంలో నా వాయింపు గురించి నిజం చెప్పే మనిషి ఒక్కతే, మా వదిన గైషాతు. చెప్పడమంటే పిలిచి కూర్చోబెట్టి చెప్పడం కాదు, తిట్టడం.

"ఏరా మరిదీ, వెనక కుక్కలు పడ్డాయా? ఎక్కడికిరా ఆ పరుగు?" అనేది, నేను గిటార్ మీద లీడ్ అందుకుని నాలుగు స్వరాలు వాయించానో లేదో. ఇంకోరోజు, "ఇల్యాస్ అన్న పాట పూర్తిచేసేదాకా ఆగలేవురా? ముద్ద నోట్లో ఉండగానే ఇంకో ముద్ద కుక్కుతావేం?" అనేది. పక్కన ఎఫాద్ నీళ్ళ బేసినులో బోర్లించిన సొరబుర్రమీద దరువేస్తూ కిసుక్కున నవ్వేవాడు. పాడేదీ బృందాన్ని నడిపేదీ ఇల్యాస్ అన్న, ఆయన మాత్రం నవ్వడు, తిట్టడు. ఎప్పుడడిగినా ఒకటే మాట, "బాగుంది."

ఎడారి అంచున ఉన్న మా ఆగాదెజ్‌లో ఏ ఇంట్లో అడిగినా ఇంతే. మొహమాటం మాకు తలగుడ్డ లాంటిది, అది లేకుండా మగవాడు గడప దాటడు. అన్నదమ్ములు తప్పు చెప్పుకోరు, స్నేహితులు అసలే చెప్పుకోరు. ఒక్క బావామరుదుల మధ్యా వదినామరుదుల మధ్యా మాత్రం ఏ మాటైనా చెల్లుతుంది. ఎంత తిట్టినా పడాలి, తిరిగి తిట్టాలి. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

గైషాతు మా మేనమామ కూతురు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, బృందంలో రిథమ్ గిటార్ ఆమెదే. లీడ్ వాళ్ళ తమ్ముడు వాయించేవాడు. నాకు బావ. రెండేళ్ళ కిందట లిబియా దారిలో లారీ బోల్తాపడి పోయాడు. ఆ తర్వాత ఇల్యాస్ అన్న ఏడాదిన్నర పాటు ఎవర్నీ ఆ చోట కూర్చోనివ్వలేదు. చివరికి నన్ను కూర్చోబెట్టాడు. మేలో తూదూ పేటలో పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాడు. ఆ రోజు ఆడవాళ్ళు లేచి ఆడితే లీడ్ నాది. లేవకపోతే ఆర్లిత్ ఊరి నుంచి ఒకణ్ణి పిలిపిస్తాడు, నేను వైర్ల పెట్టెలు మోసుకుంటూ తిరగాలి. ఈ సంగతి కూడా ఆయన నాతో చెప్పలేదు, మొహమాటం కదా, మా అమ్మతో చెప్పించాడు. పదిహేనో ఏట గిటార్ పట్టుకున్నప్పటినుంచీ నాకు కావలసింది ఆ చోటు ఒక్కటే.

పెళ్ళికి సరిగ్గా వారం ముందు, గురువారం మధ్యాహ్నం, ఇల్యాస్ అన్న వాకిట్లో సాధన చేస్తున్నాం. వేరే బృందంవాళ్ళు ముగ్గురు టీకి వచ్చి చాపమీద కూర్చున్నారు. వాళ్ళు చూస్తున్నారు కదా అని నాకు వచ్చినవన్నీ ఒక్క పాటలోనే గుమ్మరించాను. పాట ఆగింది.

"నీ గిటార్‌కి నోరే ఉందిరా మరిదీ, చెవులు పెట్టడం మరిచిపోయారు," అంది వదిన.

ఆ ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేం తెలుసు? నువ్వు చెప్పేవన్నీ వాడి దగ్గర ఏరుకున్న ముక్కలేగా! పో, పోయి వాడికే చెప్పుకో," అని, వాడు అన్నచోటల్లా మా బావ పేరు పెట్టి అన్నాను.

పోయినవాళ్ళ పేరు మేం పలకం. చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాళ్ళమ్మ ఏడుస్తూ కూడా ఆ పేరు ఎత్తలేదు. నేను పదిమందిలో, కోపంతో, వాళ్ళ అక్క మొహంమీదే ఎత్తాను. ఇక్కడ కూడా రాయను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా?

ఎఫాద్ చెయ్యి నీళ్ళలో పడిపోయింది. ఇల్యాస్ అన్న సిగ్గుతో తలగుడ్డ అంచు ముక్కు పైదాకా లాక్కున్నాడు. వదిన గిటార్ గోడకి ఆనించి, చెప్పులు వేసుకుని, నాకేసి చూడకుండా, "నేను వెళ్ళొస్తానండీ," అంది.

అండీ! పుట్టిబుద్ధెరిగాక నన్ను ఆమె అలా పిలవలేదు.

మర్నాడు సాధనకి వచ్చింది. "కులాసానా అఘాలి గారూ? ఇంట్లో అందరూ బాగున్నారా?" అంది. పాట అయ్యాక, "చాలా బాగుందండీ," అంది. సిగ్గులేకుండా చెప్తున్నా, మొదటి రోజు నాకు హాయిగానే ఉంది. పీడా పోయిందనుకున్నాను. శనివారమూ "చాలా బాగుందండీ." ఆదివారం ఒక ఇంట్లో బిడ్డకి పేరుపెట్టే వేడుకలో వాయించాం. చాపలమీద నలభైమంది ఆడవాళ్ళు. పాట వెంట పాట వాయించాను, ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. విసనకర్రలతో విసురుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. ఒకావిడ నిద్రపోయింది కూడా.

"ఎలా ఉంది?" అని అడిగాను, వైర్లు చుడుతూ.

"బాగుంది," అన్నాడు ఇల్యాస్ అన్న.

"బాగుంది," అన్నాడు ఎఫాద్.

"చాలా బాగుందండీ," అంది వదిన.

ఏదో తప్పు చేస్తున్నాను, ఏమిటో తెలియదు, చెప్పగల ఒక్క నోటినీ నేనే మూయించాను. ఇంటికెళ్ళి ఫోన్లో రికార్డు చేసుకున్నది పదిసార్లు విన్నాను. నాకు బాగానే ఉంది! అదే కదా నా రోగం.

మంగళవారం పొద్దున అమ్మ నా ఎదుట కూర్చుంది. ఆమెకి పోయినవాడు మేనల్లుడు, ఆ పేరు ఎత్తినందుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

"దాన్ని పరాయిదాన్ని చేసుకున్నావు. పరాయివాళ్ళు నీ తప్పులు నీకెందుకు చెప్తారు?" అంది.

"క్షమించమని అడుగుతానమ్మా."

"అడుగు. క్షమిస్తాననే అంటుంది, దానికేం ఖర్చు? అడిగాక అక్కడే కూర్చుని వాయించు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవురా. ఎంతసేపు బిగబట్టుకుంటుందో చూద్దాం."

టీ పొట్లం, చక్కెర పట్టుకుని వెళ్ళాను. వదిన పందిరి కింద చేటలో సజ్జలు చెరుగుతోంది. లేచి చాప వేసింది, టీ పెట్టింది, మొదటి గ్లాసు నాకే ఇచ్చింది.

"వదినా, నేనన్నది మనిషి అనే మాట కాదు. క్షమించు."

"అయ్యో, ఎంతమాట! అలాంటిదేం లేదండీ."

అమ్మ చెప్పినట్టే అయింది. గిటార్ తీసి, కరెంటు లేకుండానే, పెళ్ళికి అనుకున్న పాట వాయించాను.

"బాగుందండీ," అంది చేటలోకి చూస్తూ.

మళ్ళీ వాయించాను. మళ్ళీ బాగుందంది. మూడోసారికి చేట చప్పుడు పెరిగింది. సజ్జలు చేటలోకన్నా నేలమీద ఎక్కువ పడుతున్నాయి. మొహం ఎర్రబడింది. మింగలేక కక్కలేక ఆమె పడుతున్న అవస్థ చూస్తుంటే నాకు జాలేసింది, కానీ ఆపలేదు. నాలుగోసారి మొదలుపెట్టాను. అంతే, చేట ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"ఆపరా! ఆపు! ఆ గిటార్ ఏం పాపం చేసిందిరా నీకు? గాడిదకి కూడా దారిలో ఒకచోట ఆగాలని తెలుసు కదరా!"

నేను చాపమీద వాలిపోయి నవ్వాను. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆమె నవ్వలేదు. లోపలికెళ్ళి తన గిటార్ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"విను. పాట ఒక మాట అడుగుతుంది, నువ్వు జవాబు చెప్పాలి. చెప్పాక నోరు మూసుకోవాలి. నువ్వు అడక్కముందే చెప్తావు, చెప్పిందే చెప్తావు. ఇప్పుడు ఒక్క జవాబు చెప్పి తీగమీంచి వేళ్ళు తియ్యి. నేను రెండు చుట్లు వాయించేదాకా ముట్టుకుంటే విరగ్గొడతా."

వాయించి వేళ్ళు తీశాను. ఆ రెండు చుట్లు రెండేళ్ళలా గడిచాయి. చెయ్యి దానంతట అదే తీగమీదికి పోతుంటే ఆమె వాయించడం ఆపి, పక్కనున్న గరిటెతో ఒక్కటి వేసింది.

"ఊరుకో. నీ వేళ్ళకేసి చూసుకోకు, అవెక్కడికీ పోవు. నాకేసి చూడు. ప్రతిదీ అదే స్వరంమీద దించుతావేంరా, ఊళ్ళో ఇంకో ఇల్లు లేనట్టు? ఈసారి దించకు, సగంలో వదిలెయ్యి. ఆ... అలా. ఇప్పుడు మిగతాది వాళ్ళు ఒంటితో పూర్తిచేస్తారు."

"ఎవరు?"

"ఆడేవాళ్ళురా మొద్దూ! లీడ్ ఎవరికోసమనుకున్నావు, నీకోసమా?"

మధ్యాహ్నం దాకా తిట్టింది. సజ్జలు అలాగే ఉండిపోయాయి. బుధవారం సాధనలో నేనే ఎఫాద్‌ని పట్టుకున్నాను, నిజం చెప్పమని. వాడు నేలచూపులు చూస్తూ, "నువ్వు తొందరపడితే నా చెయ్యీ తొందరపడుతుంది. ఆర్నెల్లుగా భుజం నొప్పి," అన్నాడు. ఆర్నెల్లుగా! ఆ మాట చెప్పడానికి వాడికి చెమటలు పట్టాయి.

గురువారం నాలుగింటి ప్రార్థన అయ్యాక పెళ్ళి పందిట్లో మొదలుపెట్టాం. మొదటి పాట అటూఇటూగా గడిచింది. రెండోదాంట్లో కంగారుపడి మళ్ళీ ఇల్యాస్ అన్న పాడుతుండగానే మధ్యలో దూరాను, వదిన కళ్ళు పెద్దవి చేసింది. మూడో పాటలో ఒక్క జవాబు చెప్పి, సగంలో వదిలి, వేళ్ళు తీసేశాను. భయమేసింది. పందిరంతా వింటుండగా చేతులు కట్టుకు కూర్చోవడం నాకు అలవాటులేదు. ఆ ఖాళీలో వదిన రిథమ్ వినబడింది. ఇన్నాళ్ళూ నా పక్కనే మోగుతోంది, నేనే దానిమీద కూర్చున్నాను. నీలం బట్టల్లో ఒక పెద్దావిడ మోకాళ్ళమీద చేతులు ఆన్చి లేచింది. ఆవిడ వెనక ఇద్దరు, తర్వాత వరుసంతా. ఎవరో సంతోషంతో నాలుక ఆడిస్తూ కేక పెట్టారు. అప్పుడు రెండో జవాబు చెప్పాను.

చీకటి పడకముందే అంతా అయిపోయింది. ఇల్యాస్ అన్న నా దగ్గరికొచ్చి, "బాగుంది," అన్నాడు. నేను బిక్కమొహం వేశాను. ఆయన తలగుడ్డ సర్దుకుంటూ, "ఆర్లిత్ వాడికి ఫోన్ చేసి రావద్దన్నాను," అని వెళ్ళిపోయాడు.

వదిన ఒక్కతే వైర్లు చుడుతోంది. వెళ్ళి ఆంప్లిఫయర్ ఒక చివర పట్టుకున్నాను.

"రెండో పాట చెడగొట్టావు," అంది.

"తెలుసు."

"వాడి పేరెత్తావు చూడు, అది నేను మరిచిపోను. అలాంటిదేం లేదని ఊరికే అన్నాను. క్షమించలేదు."

నేను తల వంచుకున్నాను. తలగుడ్డ పైకి లాక్కుందామంటే చేతులు ఖాళీగా లేవు.

"వాడు ఇంట్లో వాయిస్తుంటే నేను వంట చేస్తూ తిట్టేదాన్ని," అంది, ఆంప్లిఫయర్ రెండో చివర ఎత్తుతూ. "పొద్దుణ్ణించి రాత్రిదాకా. వాడు పోయాక ఇంట్లో తిట్టడానికి మనిషి లేడు. నిన్ను తిట్టుకుంటే కాస్త ఊపిరాడేది. నువ్వేమో ఆ ఒక్కదానికీ కోపం తెచ్చుకున్నావు."

ఇద్దరం ఆ బరువు మోసుకుంటూ వ్యాను దగ్గరికి నడిచాం.