గుమ్మం కాడి పాట

“ఎవడైనా చెప్పు విసిరితే ఏం చేద్దామయ్యా?”

వినాయకుడి పందిరి దగ్గర జనం ఇంకా సరిగ్గా కూర్చోకముందే నాగవేణి అన్న మాట ఇది. మొగుడు వీర్రాజుతో గుసగుసగానే అంది పాపం. నేను ఆన్‌లో ఉన్నానని చూసుకోలేదు. వీధి చివరిదాకా వినపడింది.

“విసరంలే అక్కా, కొత్త చెప్పులు!” అని ఆడవాళ్లలోంచి ఎవరో అరిచారు. అందరూ గొల్లున నవ్వారు.

నేను ఒక మైకును. తుని ఆర్కెస్ట్రావాళ్ల మైకును. ఎక్కడో ఫ్యాక్టరీలో నా మూతికి ఇనుప జల్లెడ బిగించి పంపారు. మొదట భజన మండలివాళ్లు కొనుక్కున్నారు. తర్వాత ఎన్నికల మీటింగులకు తిరిగాను. ఈ మనుషులు చిత్రమైనవాళ్లు. వినిపించడం కోసమే నన్ను కొనుక్కుంటారు, తీరా నిజంగా వినిపిస్తే ఉలిక్కిపడతారు. చివరికి వీర్రాజు ఆర్కెస్ట్రాలో పడ్డాను. పాటల మధ్య మాటలు చెప్పేది నాగవేణి. తీగ తెగుతుందేమో, స్టేజి కూలుతుందేమో, పెళ్లికొడుకు తాళి కట్టకుండా లేచిపోతాడేమో అని ఆవిడకు నిత్యం దిగులే. రోజూ ఆ చెమట చేతుల్లో ఉండి ఉండి ఆ జబ్బు నాకూ అంటుకుంది.

వాళ్ల అబ్బాయి లోవరాజుది తేనెలాంటి గొంతు. పాడే అమ్మాయి రాని రోజున యుగళగీతంలో ఆడగొంతు వాడే ఎత్తుకునేవాడు. తండ్రి నాయకుడు, కొడుకు నాయిక. జనం ఒకటే ఈలలు. వీర్రాజు మీసం తిప్పేవాడు.

ఆ ఈలలు వేసినవాళ్లే తర్వాత మొహం తిప్పుకున్నారు. రిహార్సల్లో ఒకనాడు లోవరాజు, “నాకు పెళ్లిచూపులొద్దు నాన్నా. నాకు దానియేలంటే ఇష్టం. ఇద్దరం కలిసి బతుకుతాం” అన్నాడు. దానియేలు అంటే మా కీబోర్డు కుర్రాడు. వీర్రాజు, “వాడు నా స్టేజి ఎక్కకూడదు, నా గడప తొక్కకూడదు” అన్నాడు. అదే కొడుకుతో ఆఖరి మాట. అప్పట్నుంచి పక్కపక్కనే కూర్చుని కూడా, “మీవాణ్ణి రెండో పాట ఎత్తుకోమను” అని నాగవేణికి చెప్పేవాడు. ఆవిడ పక్కకు తిరిగి, “రెండో పాటంటరా” అనేది. తండ్రీకొడుకులు కలిసి పాడటం ఆగిపోయింది. వీర్రాజు డోలక్ ముందేసుకుని తల వంచుకున్నాడు. దానియేలు స్టేజి కింద, మెట్ల పక్కన స్టూలు వేసుకుని వాయించేవాడు. బిడ్డను ఎవరైనా కొడతారేమో అన్న భయం కంటే, మొగుడు ఇక ఎప్పటికీ వాడితో మాట్లాడడేమో అన్న భయం నాగవేణిని ఎక్కువ తినేసింది.

అలాంటి రోజుల్లో కుర్రాళ్లిద్దరూ ఒక పాట కట్టారు. వంటింట్లో నన్ను బియ్యం డబ్బాకు ఆనించి ఫోనులోకి ఎక్కించారు.

“గుమ్మం కాడ నావోడున్నాడు నాన్నా, లోనికి రమ్మందునా?”

ఇదే పల్లవి. ‘రమ్మనూ’ అని వినేవాళ్లు అందుకోవాలి. ఆటోల్లో మోగింది. జీడిపప్పు బట్టీల్లో గింజలు కొట్టే ఆడవాళ్ల నోటికి ఎక్కింది. ఎవరిదో తెలియకముందే ఎక్కింది. తెలిశాక దించుకోవడం ఎవరి తరమూ కాలేదు.

బట్టీలో పనిచేసే అప్పలనరసమ్మ నాగవేణిని సంతలో పట్టుకుంది. “ఆ పాట మీవోడిదంట కదేటి? ఛీ, ముందే తెలిస్తే పాడకపోదును. ఇప్పుడు పొద్దస్తమానం నోట్లో అదే. ఏటి సెయ్యమంటావు?”

నాగవేణి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ఎందుకేడుస్తావు? మా పందిట్లో పాడించు. గుమ్మం కాడ నిలబడ్డ బిడ్డని ఎన్నాళ్లు నిలబెడతారు, తప్పు కాదేటి?”

అలా వచ్చాం ఈ పందిరికి.

భక్తి పాటలయ్యాయి. లోవరాజు నన్ను అందుకుని ఆ పల్లవి ఎత్తుకున్నాడు. కింద మెట్ల పక్క నుంచి కీబోర్డు పలికింది. రెండుసార్లు ఆడవాళ్లంతా ‘రమ్మనూ’ అని పందిరి ఎగిరిపోయేలా అందుకున్నారు. మూడోసారి వాడు జనం వైపు తిరగలేదు. తండ్రి వైపు తిరిగి పాడి, నన్ను ఆయన మూతి ముందు పెట్టాడు.

ఎవరూ అందుకోలేదు. డోలక్ ఆగిపోయింది. దానియేలు కూడా కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. నాగవేణి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నా జల్లెడకు తగులుతున్నది వీర్రాజు ఊపిరి ఒక్కటే. ఆ ఊపిరే స్పీకరు పెట్టెల్లోంచి వీధంతా బుసబుసమంటోంది. గొంతు సవరించుకున్నాడు. ఆగాడు. మళ్లీ సవరించుకున్నాడు. ఒక పసిపిల్ల ఏడవబోతే తల్లి దాని నోరు మూసింది. లోవరాజు నన్ను దించలేదు. దిగులు అలవాటైన ప్రాణాన్ని కదా, ఈయన లేచి వెళ్లిపోతాడనే అనుకున్నాను.

వీర్రాజు తలెత్తి కొడుకును చూశాడు.

“రమ్మనరా. కిందనించి వాయిస్తే నాకు శ్రుతి అందట్లేదు.”