నల్లబడని టీ

జానీ చేసిన మొదటి పళ్ల టీ నల్లగా దిగింది. ఏదో కాస్త ముదురు రంగు కాదు, అచ్చంగా సిరా నలుపు. గ్లాసును వంటింటి కిటికీకి ఎదురుగా పట్టి చూశాడు. అవతలి ఎండ ఇవతలికి రాలేదు.

బుధవారానికి ఇంకా ఆరు రోజులుంది. ఆ రోజుకు భార్య సంతోషకుమారి పోయి ఏడాది. సాయంత్రం నాలుగింటికి ఇంటి ముందు షామియానా కింద జ్ఞాపకార్థ కూడిక. నలభై మంది దాకా వస్తారు. వేసవి వచ్చిందంటే ఆమె ప్రతి ఆదివారం చర్చి విడిచాక స్టీలు క్యానుతో పళ్ల టీ తెచ్చి అందరికీ పోసేది. చల్లగా, ఎర్రగా, గ్లాసులో వేలు పెట్టినా కనబడేంత తేటగా ఉండేది. పైన తెల్లటి గుజ్జు ముక్కలు తేలేవి. కూడికలో పాటలు పాడేవాళ్లున్నారు, వాక్యం చెప్పడానికి పాస్టర్‌ గారున్నారు. ఆ టీ మాత్రం తన చేత్తో చేసి పోయాలని జానీ మనసులో పెట్టుకున్నాడు.

చిక్కల్లా ఒకటే. ముప్పై ఒక్క వేసవులు తాగాడు గాని, అది ఎలా చేస్తావని ఒక్కసారీ అడగలేదు. "బాగుంది" అని ఖాళీ గ్లాసు ఇచ్చేసేవాడు.

పక్క వాటా తాతమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. ఆమెది పలాస. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ గనుల ఊరు కిరందూల్‌ వచ్చి నలభై ఏళ్లయినా మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

"ఏటి తమ్ముడూ, టీ కాస్తన్నావా, సిరా కాస్తన్నావా?"

"టీయే అక్కా."

"అలాగైతే మా మనవరాలి పెన్నులో కాసింత పొయ్యి."

"మా సంతోషం ఇందులో ఏం పళ్లు వేసేదో నీకేమన్నా చెప్పిందా?"

"నాకు చెప్తాదా? ఎప్పుడడిగినా 'తాగు వదినా, తెలుస్తాది' అనీది. తాగీదాన్ని. ఏటీ తెలిసీది కాదు."

జానీ రైల్వేలో సిగ్నల్‌ మెయింటైనర్‌గా చేసి మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. ఖనిజం బండి లైను మీద ఆగి ఉంటే, వెనక ఇంకో బండి కాచుకుని ఉంటే, తీగల పెట్టె ముందు కూర్చుని లోపం వెతికిన మనిషి. అక్కడ నేర్చిన పద్ధతి ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చి చూడాలి, చూసింది రాసుకోవాలి. రెండు ఒకేసారి కదిపితే లోపం పోయినా ఎందుకు పోయిందో తెలీదు.

పాత నోటుబుక్కు తీశాడు. ముందు టీ పొడి మార్చాడు. నలుపే. గిన్నె మార్చి గాజుకూజాలో నానబెట్టాడు. నలుపే. పంచదార మానేశాడు, లిచీ పళ్లు మానేశాడు. తెల్ల గుజ్జు అంటే లిచీయే అనుకుని బజారులో కొన్న పళ్లవి. అయినా నలుపు వదల్లేదు.

మర్నాడు నీళ్లు మార్చాడు. దుకాణం నుంచి సీసా నీళ్లు తెచ్చి కాస్తే టీ ఎర్రగా, తేటగా దిగింది. జానీ కుర్చీ జరుపుకుని ఆ గ్లాసు ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇంటి కుళాయికి వచ్చేది బోరు నీళ్లు. బకెట్లో ఒక పూట నిలవుంటే అడుగున ఎర్రటి మడ్డి చేరుతుంది. ఇనుము నీళ్లు టీతో కలిసి నల్లబడుతున్నాయన్నమాట. ఇన్నేళ్లూ పాల టీలో ఎవరికి కనబడుతుంది?

"ఇంకేటి, రెండు పెద్ద క్యాన్లు తెప్పించీ. పనైపోద్ది," అంది తాతమ్మ.

"సంతోషం ఎప్పుడూ నీళ్లు కొనలేదక్కా. ఈ కుళాయి నీళ్లతోనే చేసింది."

"నలుగురికీ చల్లగా పోస్తే చాలదా?"

"చాలు. కాని అది ఆమె టీ అవదు."

లోపం దొరికింది. దాన్ని ఆమె ఎలా దాటిందో దొరకలేదు. జానీ నోటుబుక్కులో మళ్లీ మొదటి వరస నుంచి చదువుకున్నాడు. లిచీ అన్న మాట దగ్గర వేలు ఆగింది. ఈ బజారులోకి లిచీ వచ్చి నాలుగైదేళ్లయి ఉంటుంది. సంతోషం ఈ టీ చేస్తున్నది పెళ్లయిన కొత్తలో నుంచి. అయితే ఆ తెల్ల గుజ్జు లిచీ కాదు. సంత రోజున ఆమె సంచి అడుగున ఆకుదొప్పలో ఏదో తెచ్చుకునేది. ఆయన ఎప్పుడూ విప్పి చూడలేదు.

ఆదివారం సంతకు వెళ్లాడు. అడవి సరుకులమ్మే ఆడవాళ్ల వరసలో ఒక్కో గంప ముందూ ఆగి, ఒక్కో పండూ గిల్లి చూశాడు. చివరి గంప హుంగే అనే ఆదివాసీ ఆమెది. గోధుమరంగు పెచ్చున్న చిన్న పండొకటి ఆమే ఒలిచి చేతిలో పెట్టింది. లోపల గింజ చుట్టూ తెల్లటి గుజ్జు. నోట్లో వేసుకుంటే రెండు కళ్లూ మూసుకుపోయేంత పులుపు.

"కుసుం పండు సాహెబ్," అంది హిందీలో. "మీరు రైల్వే దీదీ ఇంటాయన కదూ? బండి మీద ఆమెను దించేవాళ్లు. దీదీ రాలేదే?"

"పోయింది. నిరుడు జూన్‌లో."

హుంగే ఆకుదొప్ప ఒకటి చేతిలోకి తీసుకుంది. దొప్పలోకి పళ్లు ఎత్తుతూ చెప్పింది.

"పండినవి పక్కన పెట్టి పుల్లటివే ఏరుకునేది. తియ్యనివి తీసుకో దీదీ అంటే వినేది కాదు. వెర్రిదేమో అనుకునేదాన్ని."

ఆమె చెయ్యి కూడా పుల్లటివే ఏరుతోంది.

ఇంటికి రాగానే జానీ కుళాయి నీళ్లతోనే టీ కాచాడు. ఎప్పటిలాగే నల్లబడింది. చల్లారనిచ్చి, నాలుగు పళ్ల గుజ్జు పిసికి, ఆ రసం గ్లాసులో పోసి చెంచాతో తిప్పాడు. పులుపు తగిలి నలుపు విరిగింది. చెంచా చుట్టూ ముందు గోధుమరంగు వచ్చింది, తర్వాత ఎరుపు. ఇంకో తిప్పుకు గ్లాసు అవతల కిటికీ ఊచలు కనిపించాయి.

"అక్కా," అని పిలిచాడు. గోడ దగ్గరికి వెళ్లాడు. మళ్లీ పిలిచాడు.

తాతమ్మ వచ్చేసరికి ఇంకో గ్లాసు నల్ల టీ సిద్ధంగా పెట్టాడు. ఆమె ముందు మరోసారి చేసి చూపించాడు. ఆవిడ గ్లాసు తిప్పి తిప్పి చూసింది.

"అడగలేక పోయావా దాన్ని, బతికుండగా?"

"అడగలేదు," అన్నాడు జానీ.

బుధవారం క్యాను నిండా చేశాడు. ఈసారి రసం ముందు నీళ్లలో కలిపి, ఆ తర్వాత టీ పొడి వేశాడు. నల్లబడనే లేదు. ఏ వరసలో కలిపితే ఏమైందో నోటుబుక్కులో రాసుకున్నాడు. కూడిక ముగిశాక ఆయనే గరిటెతో గ్లాసులు నింపాడు. తాతమ్మ ఒక గుక్క తాగి, నాలుక మీద నిలుపుకుంది.

"అదే తమ్ముడూ. కాని వాసనలో ఏదో తగ్గింది."

"తెలుసక్కా. ఇంకేదో ఆకు వేసేదనుకుంటాను. వెతకాలి."

పాస్టర్‌ గారి కోడలు రీనా ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చింది. రెండోసారి పోయించుకుంటుందనుకుని జానీ గరిటె ముంచాడు. ఆమె పోయించుకోలేదు.

"ఇది ఎలా చేస్తారంకుల్?"

జానీ గరిటె క్యానులో వదిలేసి, తుండుకు చెయ్యి తుడుచుకుని, ఆమెకో కుర్చీ లాగాడు.

"కూర్చో అమ్మా. ముందు మన నీళ్ల సంగతి చెప్పాలి."