కుర్చీలో గుంజీలు

మణిదీప్ ఎక్కుతుందన్న పాట ఎక్కదు. ఎక్కదన్న పాట దిగదు. ఈ సంగతి సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఆటోవాళ్లందరికీ తెలుసు. తెలిసే వింటారు.

ఆదివారం పొద్దున ఫోన్లలో వచ్చే రేడియోలో అతని కార్యక్రమం పేరు పది మెట్లు. ఆ వారం జనం ఎక్కువగా విన్న పది పాటల్ని పదో మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి వినిపించుకుంటూ పోతాడు. మొదటి మెట్టు పాట అయిపోయాక గొంతు తగ్గించి, వచ్చే వారం ఏది ఎక్కుతుందో ఏది దొర్లుతుందో జోస్యం చెబుతాడు. ఆ జోస్యం తప్పుతుంది. తప్పిన వారం మైకు ముందు చెవులు పట్టుకొని గుంజీలు తీస్తాడు. ఒకటి, రెండు అని అతను రొప్పుతూ లెక్కపెడుతుంటే హోటళ్లలో టీ తాగేవాళ్లు కూడా గొంతు కలుపుతారు. తప్పు చెప్పడమే అతనికి బతుకుతెరువైంది.

తండ్రి లక్ష్మీనర్సయ్యకు మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉంది. పిడికెడు వడ్లు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆయన తేమ ఎంతో చెప్పేస్తాడు. కొడుక్కి సన్నాలకూ దొడ్డు వడ్లకూ తేడా అంతుబట్టలేదు. మిల్లులో పనికిరానివాడు రేడియోలో పనికొచ్చాడు.

కాశీరాం ఆ కార్యక్రమాన్ని నవ్వుకోవడానికి వినేవాడు కాదు. పాలకీడు పక్క తండాలో, పొలం గట్టు మీద ఫోను పెట్టుకొని, ఏడాదిగా ఒకే మాట కోసం వింటున్నాడు. తన భార్య ద్వాలీ గురించి అన్న మాట తప్పని మణిదీప్ ఒప్పుకోవాలి. అందరూ వింటుండగా అన్నాడు. అందరూ వింటుండగానే ఒప్పుకోవాలి.

ద్వాలీ పాటలు పాడే మనిషి కాదు. కూతురు సుధ పెళ్లిలో, అత్తవారింటికి పోయే పిల్ల మెడ పట్టుకొని రాగం తీసి ఏడ్చింది. తండాలో అది ఆచారం. దాన్ని ఢావ్లో అంటారు. పెంచిన సంగతులన్నీ చెప్పుకుంటూ ఏడవాలి. ఆమెకు అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. బేటీ అని పిలుపు ఎత్తుకునేది, సగంలో ఊపిరి అందక ఆగేది, మళ్లీ ఎత్తుకునేది. కోదాడ నుంచి సౌండు బాక్సులు తెచ్చిన నరేష్ ఆ సమయంలో మైకు ఆపలేదు. ఆ ఏడుపంతా రికార్డు చేసి ఫోన్లలోకి వదిలాడు. రేడియోకు కూడా పంపాడు.

మణిదీప్ దాన్ని కాస్త వినిపించి, ఇది నడవదని నవ్వాడు. ఆ రోజు ద్వాలీ సూర్యాపేట దవాఖానాలో ఉంది, కాశీరాం పక్కనే ఉన్నాడు. పక్క మంచం వాళ్ల ఫోనులోంచి ఆ మాటా, ఆ నవ్వూ వినపడ్డాయి. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ నెల దాటలేదు.

ఆమె పోయాక నరేష్ ఆ ఏడుపును ముక్కలు కోశాడు. ఆమె చెప్పుకున్న సంగతులన్నీ తీసేసి, బేటీ అన్న పిలుపు ఒక్కటి ఉంచాడు. ఆమెకు ఊపిరి అందక ఆగిన చోట డప్పు దెబ్బ వేశాడు. ఇప్పుడు మేళ్లచెరువు నుంచి నిడమనూరు దాకా ఏ పెళ్లి బరాత్‌లో చూసినా అదే పాట. ఆమె ఊపిరి ఆగిన చోటే కుర్రాళ్లు గాల్లోకి ఎగురుతారు. పాట మొదటి మెట్టెక్కి కూర్చుంది.

మణిదీప్‌కు చివరికి కాశీరాం ఫోను నెంబరు దొరికింది.

"కాశీరాం కాకా, ఈ ఆదివారం మీరు స్టూడియోకు రావాలె. మీ ముందట్నే గుంజీలు తీస్త. జిల్లా మొత్తం వింటది."

"తప్పని చెప్తవా?"

"చెప్పుడేంది కాకా, కాళ్ల మీద పడ్త."

కాశీరాం ఉతికిన చొక్కా వేసుకొని కోదాడ పోయి, అక్కడ కాపురం ఉంటున్న కూతుర్ని వెంటబెట్టుకొని సూర్యాపేట బస్సెక్కాడు. సుధ పట్టుచీర కట్టుకొని వచ్చింది.

"రేడియోల చీర ఎవనికి కనపడ్తది?"

"అయిపోయాక ఫోటోలు తీస్తారంట బాపూ. నువ్వు కొంచెం నవ్వు మొహం పెట్టు. మన యాడికి పేరొస్తుంది గదా."

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

"పాట కింద ఎవని పేరేసిన్రు?"

సుధ కిటికీలోంచి బయటికి చూసింది. పాట కింద నరేష్ పేరుంది.

స్టూడియో అంటే చెప్పుల దుకాణం మీద ఒక గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించారు. సుధను అద్దం అవతల కూర్చోబెట్టి, కాశీరాంను లోపలికి తీసుకుపోయారు. మణిదీప్ పైన ఇస్త్రీ చొక్కా, కింద రాత్రి పడుకున్న లుంగీతో ఉన్నాడు. కాశీరాం అటే చూస్తుంటే, "ఎవరు సూస్తరు కాకా" అని కన్ను కొట్టాడు.

ఎర్ర దీపం వెలిగింది. అంతే, ఆ మనిషి గొంతులోకి కన్నీళ్లు వచ్చేశాయి. మొహం మాత్రం ఎప్పట్లాగే ఉంది.

"మిత్రులారా, నేను పాపం చేసిన. ఆ మహాతల్లి పాటను ఎక్కదన్న. ముందుగాల నా పాపం మీరు వినాలె."

మీట నొక్కాడు. పోయిన ఏడాది మణిదీప్ గొంతు వచ్చింది.

"ఇది పాట కాదు మిత్రులారా. బిడ్డను అత్తగారింటికి తోలుకుంట ఒక తల్లి ఏడుస్తున్నది. ఏడుపుకు బరాత్‌ల ఎవరు ఎగురుతరు? ఇది మెట్టెక్కదు. నడవదు." ఆ వెనకే నవ్వు.

దవాఖానాలో కాశీరాం చెవిన పడింది చివరి మాటా, నవ్వూ మాత్రమే. ముందు మాటలు ఇప్పుడే విన్నాడు. కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు.

"ఇగ మొదలుపెడ్తున్న మిత్రులారా. మీరు కూడా లెక్కపెట్టున్రి."

మణిదీప్ చక్రాల కుర్చీని వెనక్కి జరిపి, కాలు మీద కాలు వేసుకున్నాడు. "ఒకటి" అన్నాడు. మైకు దగ్గరికి నోరు పెట్టి రొప్పాడు. "అబ్బా, నడుము. రెండు." ఒక చేత్తో ఫోను తీసి, వచ్చిన మెసేజులు చూసుకుంటున్నాడు. "మూడు. నా తల్లీ, క్షమించు." లుంగీ సర్దుకున్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

కాశీరాం అద్దంలోంచి చూశాడు. సుధ పెదాలు కదులుతున్నాయి. కళ్లెదుట కూర్చొని ఉన్న మనిషిని చూస్తూనే, వాడితోపాటు గుంజీలు లెక్కపెడుతోంది.

"కాకా, క్షమించిన అని ఒక్క మాట అనున్రి. నా బరువు దిగిపోతది."

"సేటూ, నువ్వు కూసోనే ఉన్నవ్."

మణిదీప్ గట్టిగా నవ్వాడు. "చూసిన్రా మిత్రులారా, కాకా ఎంత హుషారో. కాళ్లు పడిపోయినయ్ కాకా, గిప్పుడే కూసున్న."

"నీ కాళ్ల సంగతి నాకెందుకు. గిప్పుడు వినిపిచ్చినవ్ సూడు, గప్పుడు నువ్వేమన్నవ్? ఏడుపన్నవ్. ఏడుపే అది. ఏడుపుకు ఎవరు ఎగురుతరని అడిగినవ్. మనిషైనోడు అడిగే మాటే అడిగినవ్. నీ నోట్లెకెళ్లి వచ్చిన సక్కటి మాట గదొక్కటే. దాన్నే తప్పంటున్నవ్."

"అట్ల కాదు కాకా. జనం మెచ్చిన్రు గదా. జనానికి మించిన జడ్జి ఉంటడా?"

"జనం ఎగిరితే ఏడుపు పాటైతదా? ఆమెకు దమ్మందక ఆగిన కాడ ఎగురుతున్రు. నీకు తెలుసు. గప్పుడే తెలుసు. తెలిసి నవ్వినవ్."

మణిదీప్ మీట మీద వేలు పెట్టాడు. నొక్కలేదు.

"ఏడాది సంది నీ తప్పు కోసమే కాసుకొని కూసున్న. ఇగ నాకది వద్దు. నీ గుంజీలు నువ్వే ఉంచుకో. గప్పుడన్న మాటే మల్లొక్కసారి అను. నవ్వకుండ అను. ఇది ఏడుపు, దీనికి ఎగురకున్రి అని చెప్పు. నాకు గంతే కావాలె."

మణిదీప్ కాశీరాం మొహంలోకి చూశాడు. తర్వాత ఫోనులోకి చూశాడు. మెసేజులు కుప్పలుగా వస్తున్నాయి.

"కాకా గుండె బరువెక్కింది మిత్రులారా. మరి మీరందరు ఎదురుచూసే మొదటి మెట్టు పాట."

మీట నొక్కాడు. బేటీ అన్న పిలుపు లేచి, సగంలో ఆగి, దెబ్బ పడింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

కోపానికి వస్తాడని కాశీరాం ఎదురుచూశాడు. వాడు లేచి వచ్చి చెయ్యి పట్టుకొని ఊపాడు. ఆ పొద్దున కుర్చీలోంచి లేవడం అదే మొదటిసారి.

"కాకా, కమాల్ జేసినవ్. ఏడుపుకు ఎగురకున్రి అన్నవ్ సూడు, ఆ ముక్క కోసి నరేష్‌తోని బీటు కొట్టిస్త. రాసి పెట్టుకో, వచ్చే ఆదివారం మొదటి మెట్టు నీదే. ఆలుమగలు ఇద్దరు మెట్ల మీద పోటీ పడ్తరు."

కాశీరాం చెయ్యి విడిపించుకొని చొక్కాకు తుడుచుకున్నాడు. ఫోటోలకు నిలబడకుండా మెట్లు దిగిపోయాడు. సుధ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని వెనకాల పరుగెత్తింది.

బస్సు మునగాల దాటింది.

"ఏడాది నుంచి ఆయన్ని తిట్టావు," అంది సుధ. "తీరా ఒప్పుకుంటుంటే వద్దన్నావు. నీతో మా యాడి ఎట్లా వేగిందో."

"వేగలే. పోయింది."

"అందరి ముందు నా పరువు తీశావు బాపూ."

"వాడు కూసోని గుంజీలు తీస్తుంటే నీకు కనపడలేదా?"

"కనపడింది. అయితే ఏంటి? అందరూ లెక్కపెడుతున్నారు గదా."

కాశీరాం ఆమె వంక చూశాడు. ద్వాలీ మెడ పట్టుకొని ఏడ్చింది ఈ పిల్ల కోసమే. ఏడ్చిన మాటల్లో ఒక్కటైనా గుర్తుందా అని అడగబోయి మానుకున్నాడు. గుర్తుంటే లెక్కపెట్టేది కాదు. కోదాడలో ఆమె దిగిపోయింది. వస్తానని కూడా చెప్పలేదు.

మణిదీప్ అన్నంత పనీ చేశాడు. కాశీరాం మాటకు నరేష్ దెబ్బలు వేశాడు, మధ్యలో ఈల పెట్టాడు. ఏడుపుకు ఎగురకున్రి, ఎగురకున్రి అని ఆ గొంతు వారమంతా ఫోన్లలో తిరిగింది. ఏ బరాత్‌లోనూ ఎవరూ దానికి అడుగు వెయ్యలేదు. ఒకటి రెండు చోట్ల పెట్టి చూసి, కుర్రాళ్లు ముసలోని గొంతు తీసెయ్యమన్నారు. ఆదివారం పదో మెట్టు నుంచి మొదటి మెట్టు దాకా కాశీరాం గట్టు మీద కూర్చొని విన్నాడు. అతని మాట ఎక్కడా రాలేదు. జోస్యం తప్పిందని మణిదీప్ ఒప్పుకోలేదు, గుంజీలూ తియ్యలేదు. అసలు ఆ ఊసే ఎత్తలేదు.

ద్వాలీ ఇంకా మొదటి మెట్టు మీదే ఏడుస్తోంది.