పసుపు కోటు, డ్యామేజీ చీర

ఈఫిల్ టవర్ ఎలా ఉందని అడిగితే ధర్మవరం శివశంకర్ నీళ్లు నములుతాడు. దాని కింద నిలబడిన ముసలామె కోటు అంచు ఏ రంగో అడగండి, పొద్దుగూకేదాకా చెబుతాడు. అలాంటి మగడిని నమ్ముకుని యూరప్ చూడబోయింది కళావతి. ఆమెను అనాలి ముందు.

హిందూపురం టూరు కంపెనీవాళ్లు ఊరిస్తే ఇద్దరూ బయలుదేరారు. "ఆ దేశపోళ్లు వీధుల్లో ఏమేసుకుంటారో చూసొస్తే మన మగ్గాలకు కొత్త రంగులొస్తాయి" అన్నాడు శివశంకర్. కళావతి ఒక్కటే షరతు పెట్టింది. పట్టుచీరలు నేసే ఇంట్లో ఆడవాళ్లకు దక్కేది అంగడివాళ్లు తిప్పి పంపిన చీరే. పోగు తెగిందో, జరీ తప్పిందో, అదే ఇంటిది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె కట్టింది అవే.

"ఈసారి నాకు డ్యామేజీ లేని చీర కావల్ల. అది కట్టుకోని ఆ టవర్ ముందర ఫోటో దిగల్ల. మళ్ల పోతామా ఏమన్నానా?"

శివశంకర్ వెంటనే నెమలికంఠం రంగు చీర, కుంకుమరంగు అంచుది, తెచ్చి ఇచ్చాడు. కళావతి పొంగిపోయింది, పిచ్చితల్లి.

పరాయి ఊరి వీధుల్లో శివశంకర్‌కు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. రోములో ఎవడి చిరుగుల ప్యాంటు వెనకాలో పోయి తప్పిపోయాడు. మిలాన్ ట్రాములో పక్కనున్న ఆమె మఫ్లరు కొసను రెండు వేళ్లతో పట్టుకుని, తిరగేసి, లోపలి నేత చూశాడు. ఆమె కళ్లురిమి చూస్తే కళావతికి తల కొట్టేసినట్టయింది. చేతులు జోడించి దండం పెట్టింది.

"నీ అలవాటు తగలెయ్య. ఇది మన అంగడా?"

"నేత గట్టిగుండాదే" అన్నాడు శివశంకర్, కొత్త సంగతి కనిపెట్టినవాడిలా.

పారిస్‌లో ఎముకలు కొరికే చలి. అయినా స్వెటర్ విప్పేసి, కొంగు సర్దుకుని, టవర్ ముందు నిలబడింది కళావతి. శివశంకర్ ఫోన్ ఎత్తాడు. అంతలో పక్కనుంచి పసుపు కోటు ఒకటి పోయింది.

"ఒక్క నిమిషం ఉండవే. ఆ రంగు చూడు, మళ్ల దొరకదు."

పోయినవాడు పోయినట్టే. పళ్లు టకటకలాడుతుంటే కళావతి ఎదురుచూసింది. బస్సువాడు హారన్ కొట్టాక స్వెటర్ తొడుక్కుంది. దారి పొడుగునా ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుంది, ఆఖరున బస్సెక్కినవాడు గమనించనూ లేదు.

ఇల్లు చేరాక ఫోటోలు చూద్దామని పెనుకొండ నుంచి శివశంకర్ అక్క నరసక్క వచ్చింది. కోట్లు, బూట్లు, టోపీలు, మళ్లీ కోట్లు. చూసి చూసి ఆమెకు విసుగెత్తింది.

"ఏమప్పా, మా కళావతి యాడ? దాన్ని ఈడ్నే ఇడిసిపెట్టి పోయింటివా?"

శివశంకర్ కంగారుగా వెతికాడు. చివరికి పసుపు కోటు ఫోటోలో ఓ మూల నెమలికంఠం రంగు కొంగు దొరికింది. కొంగు మాత్రమే. దాన్ని వేళ్లతో పెద్దది చేసి గర్వంగా చూపించాడు.

"ఇదో, ఉండాది గదక్కా. ఫోన్ ఎంత బాగుండాదో చూడు. అంచు పక్కన పోగు తెగిండేది గూడా కనపడతాండాది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నరసక్క తమ్ముడి వంక చూసింది. కళావతికి ఒళ్లు మండిపోయింది.

"అంటే అది గూడా డ్యామేజీదే."

"సన్నదే కళా. ఎవురికీ కనపడదని..."

"నీకు కనపడింది గదా. ఇంత పోగు కనపడింది, ఆ చీరలో నేనుండేది కనపడ్లేదు."

లోపలికి పోయి బీరువా తీసింది. హిందూపురం అంగడికి పంపడానికి మడతపెట్టి ఉంచిన కొత్తచీర పొట్లం విప్పింది.

"అది అంగడోళ్లది. రేపు పంపల్ల" అని గడప దగ్గర నిలబడి గొణిగాడు శివశంకర్.

"డ్యామేజీ అయిందని చెప్పు."

ఆ చీర కట్టుకుని వచ్చి మగ్గం పక్కన నిలబడింది. ఫోన్ పట్టుకుని దగ్గరికొచ్చిన శివశంకర్ చెయ్యి, పాడు అలవాటు, కొంగు అంచును తిరగేయబోయింది. కళావతి ఆ చేతిమీద ఒక్కటేసింది.

"మొగం చూసి తీయి" అంది.