రాహువు కరిగించిన మంచు

మా విష్ణువర్ధన్ ఆకాశం వైపు చూడడు. మెడనొప్పేమీ లేదు. ఫోన్‌లో ఐదు వాతావరణం యాప్‌లు పెట్టుకున్నవాడికి ఆకాశంతో పనేమిటి? ఆ ఐదూ ఐదు రకాలుగా చెబుతాయి. ఒకటి వాన అంటుంది, ఒకటి మంచు అంటుంది, ఇంకొకటి ఫెళ్లున ఎండ అంటుంది. మావాడు అన్నిటినీ ఎక్సెల్‌లో పోసి సగటు తీస్తాడు. వానకీ ఎండకీ సగటేమిట్రా అని ఒకసారి అడిగితే, నీకు స్టాటిస్టిక్స్ రాదు బాబాయ్ అన్నాడు. నిజమే. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి, వంటవాడి వీసా మీద కాన్‌బెర్రా వచ్చి, ఇప్పుడు స్కూలు బస్సు తోలుకుంటున్నవాణ్ణి. వాడు గవర్నమెంటు ఆఫీసులో డేటా ఆర్కిటెక్టు. ఆ సగటు చూసి పెట్టిన బార్బెక్యూ రోజున మేమంతా గొడుగుల కింద చికెన్ కాల్చుకున్నాం. సగం మంది గొడుగు బయటే ఉన్నారు కాబట్టి లెక్క తప్పలేదన్నాడు.

అలాంటివాడి చేతిలో పడింది మా తన్మయి స్కీయింగ్.

తన్మయి వాడి కూతురు, నాకు మనవరాలి వరస. పదిహేనేళ్ల పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మూడు చలికాలాలుగా వారం వారం కొండెక్కి స్కీయింగ్ నేర్చుకుంది. ఆగస్టులో, అంటే ఇక్కడ నడి చలికాలంలో, ఒక శనివారం స్కూలు జట్టుకి సెలక్షన్ పెట్టారు. కొండవాలులో జెండాలు పాతుతారు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ కిందికి రావాలి. ఒక్కటే ఛాన్సు, పడితే అంతే. ఆ పిల్ల వయసుకి జూనియర్ జట్టులో ఇదే ఆఖరి ఏడాది.

పరుగులు రెండు విడతలుగా పెట్టారు. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఒకటి, పదకొండింటికి ఒకటి. ఎవరికి ఏది కావాలో తల్లిదండ్రులు శుక్రవారం సాయంత్రం లోపల కోచ్‌కి మెసేజ్ పెట్టాలి. విష్ణు సగటు తీశాడు. పొద్దున్న ఎండ, తరవాత మబ్బు. అంతే, తొమ్మిదిన్నర అన్నాడు. పైగా, పొద్దున్నే వెళితే మంచు ఫ్రెష్‌గా ఉంటుందన్నాడు. తోటకూర కొనడానికి వెళుతున్నట్టు.

శుక్రవారం మధ్యాహ్నం కాన్‌బెర్రాలో మా పేట హారిసన్ నుంచి బయలుదేరాం. విష్ణు, తన్మయి, మా మంగళ వదిన, నేను. మంగళ వదిన అంటే విష్ణు తల్లి. పంచాంగం లేకుండా పాల ప్యాకెట్టు కూడా కత్తిరించదు. దారిలో కూమా ఊరు దాటేదాకా ఒకటే వాన. కొండ కింద ఊరు జిండబైన్‌లో అద్దె ఇంటికి చేరేసరికి వాన ఆగింది, మబ్బంతా పోయింది, ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. విష్ణు కారు దిగి మొదటిసారి తల పైకెత్తాడు. చూశావా బాబాయ్, క్లియర్ స్కై అన్నాడు, తనే తుడిచినట్టు.

తన్మయి మొహం మాత్రం ముడుచుకుపోయింది. "డాడ్, ఇట్స్ గోయింగ్ టు బి బుల్లెట్‌ప్రూఫ్ ఎట్ నైన్. ప్లీజ్, పుట్ మీ ఇన్ ది సెకండ్ వన్."

విష్ణు ఫోన్ చూపించాడు. ఎండ బొమ్మ నవ్వుతోంది. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయింది. వాడు బ్యాగులు దింపుకోవడానికి వెళ్లిపోయాడు.

బుల్లెట్‌ప్రూఫ్ అంటే ఏమిటే అని వంటింట్లో అడిగాను. సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పింది. వానకి మంచు తడిసి ముద్దయింది. రాత్రి మబ్బుంటే దుప్పటి కప్పినట్టు ఉండేది. మబ్బు లేదు కాబట్టి ఉన్న వేడంతా పైకి పోయి, ఆ తడి మంచు తెల్లారేసరికి గాజులా గడ్డకడుతుంది. దానిమీద స్కీలు పట్టవు, జారిపోతాయి. ఆ కొండవాలు తూర్పు ముఖం. నాలుగు గంటలు ఎండ తగిలితే పైన కాస్త మెత్తబడుతుంది. పదకొండింటికి బాగుంటుంది. నాకు మంచు గురించి తెలిసింది ఫ్రీజర్‌లో గీకి పారేసేదే. అయినా కరెంటు పోయి వచ్చాక ఐస్‌క్రీమ్ డబ్బాలో చెంచా ఎందుకు వంగిపోతుందో వంటవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. తూర్పు ముఖమని అప్పు తెచ్చి మరీ ఇల్లు కొన్న విష్ణు కొండ ముఖం చూసుకోలేదన్నమాట.

"చిన్నతాతా, యూ టెల్ హిమ్. హీ వోంట్ లిజన్ టు మీ," అంది.

నా మాట వింటాడా? అక్కడే ఉంది చిక్కు. కిందటేడాది నేను మా ఫ్రీజర్ తలుపు తీసి లోపలి మంచుని దగ్గరగా ఫొటో తీసి, కొండమీద ఇవాళ పొద్దున్న అని వాడికి పంపాను. వాడు దాన్ని తెలుగు అసోసియేషన్ గ్రూపులో పెట్టి, మంచు నాణ్యత మీద పెద్ద వ్యాసం రాశాడు. మూలన కొబ్బరికోరు ప్యాకెట్టు కనిపిస్తోందని ఎవరో ఆవిడ కనిపెట్టేదాకా అరవై మంది లైకులు కొట్టారు. ఆ రోజు నుంచి వాతావరణం విషయంలో నా మాటకి వాడి దగ్గర విలువ సున్నా. సగటులో కూడా కలపడు.

కాబట్టి వాడికి చెప్పలేదు. పులిహోర వడ్డిస్తున్న వదినకి చెప్పాను. మంచు గురించి కాదు.

"వదినా, రేపు శనివారం కదా. రాహుకాలం ఎప్పుడొస్తుందీ?"

గరిటె ఆగింది. "తొమ్మిది నించి పదిన్నర. ఏం?"

"అబ్బే, ఏం లేదు. పిల్ల తొమ్మిదిన్నరకి కొండ మీంచి దూకుతోంది కదా, ఊరికే అడిగాను."

విష్ణు నా వైపు చూసిన చూపుకి నిన్నటి మంచైనా కరిగేది. వాడు తెలివైనవాడు కదా, వెంటనే లెక్క తీశాడు. "అమ్మా, అది ఇండియా టైమ్. ఫోర్ అండ్ హాఫ్ అవర్స్ యాడ్ చెయ్యి. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి స్టార్ట్ అవుతుంది. మార్నింగ్ టోటల్‌గా సేఫ్."

వదిన తలూపబోయింది. పదేళ్లుగా వాళ్లింట్లో అలాగే కలుపుకుంటున్నారు.

"ఏరా," అన్నాను, "రాహువేమైనా మీ బెంగళూరు టీమా, ఇండియా టైముకి లాగిన్ అవడానికి? పొద్దు ఎక్కడ పొడిస్తే లెక్క అక్కడ మొదలవుతుంది. ఇక్కడ పొడిచిన సూర్యుణ్ణి వదిలేసి మన మండపేట సూర్యుణ్ణి పట్టుకుంటే ఎలా?"

వదిన గరిటె కింద పెట్టింది. ఆవిడ మొహంలో ఏదో లెక్క నడుస్తోంది. అది నేను వేసిన లెక్క కాదు.

"అయితే దాసూ," అంది నెమ్మదిగా, "మన గృహప్రవేశం?"

నాకా సంగతే తట్టలేదు. హారిసన్ ఇంట్లో పాలు పొంగించింది నాలుగున్నర గంటలు కలిపిన లెక్కతోనే. వదిన ఆ రోజు ఏ వారమో గుర్తు చేసుకుంది, వేళ్లు మడిచింది, కుర్చీలో కూలబడింది. నికార్సైన ఆస్ట్రేలియా రాహుకాలంలో గృహప్రవేశం చేశారు. డిష్‌వాషర్ ఎందుకు కారుతోందో, విష్ణు ప్రమోషన్ ఎందుకు ఆగిందో, పెరట్లో కరివేపాకు ఎందుకు ఎండిపోయిందో అన్నీ ఒక్క పూటలో తేలిపోయాయి. కాన్‌బెర్రా చలికి కరివేపాకు బతకదని చెప్పబోయి, వద్దులే అని పులిహోర నోట్లో పెట్టుకున్నాను.

విష్ణు పోట్లాడాడు. సైన్సన్నాడు, యాప్‌లన్నాడు. వదిన పెట్టె తెరిచి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. కోచ్‌కి మెసేజ్ వెళ్లిపోయింది: తన్మయి, పదకొండు గంటలు. కావలసినన్ని ఖాళీలున్నాయట. అందరూ ఎండ బొమ్మ చూసి పొద్దున్నకే ఎగబడ్డారు మరి.

తన్మయి బల్ల కింద నా చెయ్యి నొక్కింది.

శనివారం ఎండ వచ్చింది. వాడి సగటు అక్షరాలా నిజమైంది. నీలం ఆకాశం, గాలి లేదు, కొండంతా తళతళ. ఎంత తళతళంటే అద్దంలా మొహం చూసుకోవచ్చు. విష్ణు వాలు కింద నిలబడి వాచీ చూసుకుంటూ, నా కూతురి బంగారంలాంటి పొద్దుటిపూటని రాహువు నోట్లో వేశావు బాబాయ్ అన్నాడు.

మొదటి కుర్రాడు దిగాడు. పెనం మీద అట్లకాడ గీకినట్టు చప్పుడు. రెండో మలుపులో కాళ్లు ఒకవైపు, వాడు ఒకవైపు. తరవాతి అమ్మాయి నిలబడింది కానీ బ్రేకులు పోయిన బస్సులా జెండాలన్నీ వదిలేసి పక్కకి పోయింది. ఆ తరవాత మా వీధి ప్రశాంత్ కొడుకు రిషి. చిన్నవాడు, జూనియర్ జట్టులో వాడికింకా రెండేళ్లు టైముంది. మూడో జెండా దగ్గర కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారుకుంటూ కింద వలలోకి వచ్చి ఆగాడు. దెబ్బలేమీ లేవు, సిగ్గు తప్ప. ప్రశాంత్ ఫోన్ తీసి వాతావరణం చూసుకున్నాడు. ఎండ బొమ్మ ఇంకా నవ్వుతోంది.

వదిన మఫ్లర్‌లోంచి, తొమ్మిదీ యాభై అంది. దండం పెట్టుకుంది.

అప్పుడు తన్మయి విష్ణు చెయ్యి పట్టుకుని వలకి ఇవతల వాలు అంచుకి తీసుకెళ్లింది. బూటు మడమతో మంచుని కొట్టింది. టంగుమంది. వాణ్ణి కూడా కొట్టమంది. వాడు కొట్టాడు, మోకాలు పట్టుకున్నాడు.

"ఇప్పుడు గాజు," అంది. ఆ పిల్ల నోట అంత తెలుగు వచ్చేసరికి విష్ణు తలెత్తి చూశాడు. "కాసేపాగి మళ్లీ తన్ను నాన్నా. యు విల్ సీ."

అక్కడే నిలబడ్డారు ఇద్దరూ. వాడు ఉండుండి మడమతో తన్నాడు. టంగు. మళ్లీ తన్నాడు. టంగు. రాహుకాలం వెళ్లిపోయిందని వదిన ప్రకటించాక తన్నితే కరకరమంది. రెండో విడతని పిలిచే వేళకి మడమ బొటనవేలంత లోతుకి దిగింది. వాడు వంగి ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు. ఐదు యాప్‌లలో ఏదీ చెప్పని సంగతి.

తన్మయి దిగింది. గీకుడు లేదు. దోసెపిండి గరిటెతో తిప్పినంత మెత్తటి చప్పుడు, అంతే. జెండా తరవాత జెండా. కిందికి వచ్చి ఆగిన చోట మంచు తుంపర వదిన షూల మీద పడింది. మధ్యాహ్నం పేర్లు చదివారు. జట్టులో నలుగురు, అందులో మూడోది మా పిల్ల.

వదిన కళ్లొత్తుకుని, రాహువు దయ అంది. ప్రశాంత్ ఆవిడ దగ్గరికి వచ్చి రాహుకాలం లెక్క ఎలా కడతారని అడిగి ఫోన్‌లో రాసుకున్నాడు. ఈపాటికి హారిసన్ మొత్తం తెలిసిపోయి ఉంటుంది. తన్మయి నా వైపు చూసి కన్ను గీటింది.

హారిసన్ తిరిగొచ్చాక, తరవాత పోటీ మంగళవారం అని కబురొచ్చింది. మంగళవారం రాహుకాలం మధ్యాహ్నం మూడు దాటాక, పొద్దున్నంతా దివ్యంగా ఉందని వదిన తీర్మానించింది. మర్నాడు పొద్దున్నే విష్ణు ఇంట్లో కూర్చుని నేను పంచాంగంలో దుర్ముహూర్తం కోసం వెతకడం మొదలుపెట్టాను. పొద్దున్నే ఒకటుండాలి, ఉండకపోతే ఉండేలా చూడాలి. ఇంతలో పెరట్లోంచి చప్పుడు వినిపించింది.

కిటికీలోంచి చూశాను. గడ్డి మీదంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది. విష్ణు స్లిప్పర్ల మీద నిలబడి మడమతో నేలని తంతున్నాడు. ఫోన్ చేతిలో లేదు. తల పైకెత్తి మబ్బుందా లేదా చూస్తున్నాడు. మెట్ల మీద తన్మయి దుప్పటి కప్పుకుని కూర్చుని, టోస్టు తింటూ వాడికి ఏదో చెబుతోంది. వాడు వింటున్నాడు.

నన్ను చూసి వాడు కాలు దింపాడు. చీమలు కుట్టాయి బాబాయ్ అన్నాడు.

గడ్డకట్టిన చలిలో చీమలు. నేను పంచాంగం మూసేసి, వదిన దగ్గరికి వెళ్లి, మీవాడు పెరట్లో రాహువుని తన్ని తరుముతున్నాడని చెప్పాను.