లాస్య ఎడమ కన్ను

నేను ఒక కెమెరాను. పెళ్లిళ్లకు పనికిరాను. మనిషి కంటిపాపలోంచి తొంగిచూసి, కంటి అడుగున వెంట్రుకల కన్నా సన్నగా అల్లుకున్న రక్తనాళాలను ఫోటో తీస్తాను. సముద్రాల అవతల పుట్టిన నన్ను ఒక పెద్దమనిషి కొని, పాలమూరు వైపు ఒక ధర్మాసుపత్రికి దానమిచ్చాడు. నా నుదుటి మీద తన తండ్రి పేరు రాయించాడు. నా అద్దం కన్నా ఆ అక్షరాలే పెద్దవి.

మొదట ఒక ముసలి డాక్టరుగారు నన్ను పసిబిడ్డలా తుడిచేవారు. ఆయన రిటైరయ్యాక ఫోటోలు తీసే భూపతి చేతిలో పడ్డాను. భూపతి చెడ్డవాడు కాదు, అదే నా బాధ. బడుల్లో కంటి శిబిరాలు పెట్టి, అతను తీసిన ఫోటోలు నగరంలోని డాక్టరుకు పంపేవారు. మసకగా ఉన్నవి తిరిగొచ్చేవి. మేనేజరు అందరి ముందూ చివాట్లు పెట్టేవాడు. దాంతో భూపతికి నిజమైన ఫోటో కన్నా స్పష్టమైన ఫోటో ముఖ్యమైపోయింది.

ఒక శిబిరంలో ఎనిమిదేళ్ల లాస్య నా మీద గడ్డం ఆనించింది. కుడి కన్ను చక్కగా వచ్చింది. ఎడమ కన్ను ఏడుసార్లు తీసినా మంచు కప్పినట్టే ఉంది. లోపల వాపు, సన్నటి నాళాల చుట్టూ తెల్లటి పొర. ఆ మసకే జబ్బు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

"మోకాళ్లు గూడ వాస్తున్నయ్ సార్. ఎడమ కన్ను మసకగ ఉందంటది," అంది తల్లి చంద్రకళ.

"కండ్లు ఎర్రగ లేవు, నీళ్లు కారుతలేవు. ఏం కాదమ్మా, పోరి కుదురుగ కూసుంటలేదంతే," అన్నాడు భూపతి.

ఆ మసక ఫోటోలు చెరిపేశాడు. కుడి కన్నునే మళ్లీ తీసి, కంప్యూటర్లో అద్దంలో బింబంలా అటుదిటు తిప్పి, 'ఎడమ' అని పేరు పెట్టాడు. లోకంలో ఏ మనిషికీ రెండు కళ్లలో నాళాలు ఒకే వంపు తిరగవు. నగరం డాక్టరు ఆ కవలలను చూసి 'రెండు కళ్లూ బాగున్నాయి' అని రాశాడు.

ఎనిమిది నెలలకు లాస్యను ఆసుపత్రికే తెచ్చారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ సుచరిత నాలోంచి చూసింది. ఎడమ కంటి నాళాలు కొన్ని మూసుకుపోయాయి.

"కీళ్లవాపు, కంటివాపు ఒకటే జబ్బమ్మా. పిల్లల్లో కన్ను ఎర్రబడకుండానే లోపల తినేస్తుంది. శిబిరం నాడే మందు మొదలుపెడితే ఈ చూపు నిలిచేది. ఇప్పుడు రెండోదైనా కాపాడుకుందాం," అంది.

పాత ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసి, ఆమె భూపతిని పిలిచింది.

"కెమెరా పాతదైంది మేడం. గిట్లనే ఒకదానికి ఒకటి సూపిస్తది," అన్నాడతను.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. మేనేజరుకు ఆ మాట తెగ నచ్చింది. యంత్రం తప్పు చేస్తే ఎవరి ఉద్యోగమూ పోదు. డాక్టరమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. నన్ను మూలగదిలో విరిగిన కుర్చీల మధ్య పడేశారు.

ఆ గది తలుపు సరిగా పడదు. సందులోంచి వరండా కనిపిస్తుంది. లాస్య నెలనెలా సూదిమందుకు వస్తుంది. నిన్న ఆమె ఎడమవైపు నుంచి భూపతి మందుసీసాల ట్రేతో వచ్చాడు. పిల్ల నేరుగా వెళ్లి గుద్దుకుంది. రెండు సీసాలు పగిలాయి.

"సూసి నడువరాదె పోరీ, కండ్లు లేవా?"

"తప్పయింది సార్. ఈ దిక్కు కనపడదు," అంటూ లాస్య వంగి గాజుముక్కలు ఏరసాగింది.

భూపతి ఆమెను గుర్తుపట్టలేదు. "సరే పో, ఇంకోసారి పైలం," అని పెద్దమనసుతో క్షమించాడు.