దయచేసి

ఇంట్లో ఎవరూ వాడని మాట ఒకటుంది: దయచేసి. ఇంట్లో "కాస్త" అంటాం, "కొంచెం" అంటాం, చనువు ముదిరితే అదీ అనం. దయచేసి అనేది గోడల మీదా, మైకుల్లోనూ బతికే మాట. మైకక్క ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది.

బస్ స్టేషన్లో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో మైకులో చెప్పేది కాబట్టి అందరికీ మైకక్క. ప్రతి ప్రకటనా రెండుసార్లు చదవాలి. మొదటిది చెవిన పడేందుకు, రెండోది బుర్రకెక్కేందుకు అని పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. రెండుసార్లూ దయచేసి ఉండి తీరాలి. ఆమె మొగుడు డిపోలో టైర్లు మార్చే మనిషి. భోజనం దగ్గర ఆటపట్టించేవాడు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. దయచేసి ఉప్పు ఇటు జరపండి."

"రెండోసారి చదవలేదుగా, జరపను," అనేది ఆమె.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉప్పు ఎవరికి వాళ్లే అందుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. గళ్ల చొక్కా, నున్నగా దువ్విన తల.

"అక్కా, మా అమ్మ తప్పిపోయింది," అన్నాడు. "బూడిదరంగు శాలువా కప్పుకుంది. ఎడమకాలు ఈడుస్తుంది. గడ్డం కింద పులిపిరి ఉంటుంది."

"కంగారుపడకు బాబూ, ఇప్పుడే పిలుస్తాను."

"పిలిస్తే రాదక్కా, ఆమెకు వినపడదు. ఎవరికైనా కనిపిస్తే గడియారం స్తంభం దగ్గరికి తీసుకురమ్మనండి. నేనక్కడే ఉంటాను."

మైకక్క మనసు కరిగిపోయింది. రెండుసార్లు చదివింది. వాడింకా బిక్కమొహం వేసుకుని నిలబడే ఉన్నాడని, ఎవరూ అడక్కుండానే మూడోసారి కూడా చదివింది. "దయచేసి ఆమెను గడియారం స్తంభం దగ్గరికి తీసుకురండి."

రోజూ ఆ కిటికీ దగ్గరే కూర్చునే హమాలీ లేచి తలగుడ్డ దులుపుకున్నాడు. "నేను తప్పిపోతే ఇలా మూడుసార్లు పిలుస్తావా మైకక్కా?" అన్నాడు.

"నువ్వు తప్పిపోతే పీడా పోయిందనుకుంటాం," అంది ఆమె. ఆ మనిషితో ఆమె అన్న ఆఖరి మాట అది.

అద్దంలోంచి ఆమెకు అంతా కనిపించింది. హమాలీ ఒక ముసలావిడను చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. కాలేజీ పిల్ల ఒకతె ఇంకొకావిడను తెచ్చింది. కండక్టర్ ఒకడు బస్సు ఆపి మరీ మరొకావిడను దింపి తెచ్చాడు. తలో ముసలమ్మను వెంటబెట్టుకుని స్తంభం చుట్టూ చేరారు. ఒక్కరూ కాలు ఈడ్చడం లేదు. మైకక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే స్తంభం పేలిపోయింది, అద్దం వచ్చి ఆమె మీద పడింది.

గాయాలు మానాయి. మాట మానలేదు. దయచేసి అంటే దయ చేసి అనే కదా. ఆ రోజు విని కూడా కదలనివాళ్లు, మనకెందుకులే అనుకున్నవాళ్లు, ఫోన్లలో తల దూర్చినవాళ్లు క్షేమంగా ఇళ్లకు వెళ్లారు. దయ చేసినవాళ్లు పోయారు. మంచివాళ్లను ఏరి ఒకచోట కుప్ప పోయమంటే, ఆ పని చేసింది తన గొంతు.

టీవీలో పెద్దమనుషులు మాత్రం తడుముకోలేదు. ఇది యుద్ధమన్నారు. ఎవరి విమానాలు ఎవరి ఇళ్ల మీద బాంబులు వేశాయో, దానికి ఇది జవాబో, దీనికి రేపు ఏది జవాబో తెగ వాదించుకున్నారు. "హమాలీ దేనికి జవాబు?" అని అడిగి ఆమె టీవీ కట్టేసింది.

ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మళ్లీ పనిలోకి వెళ్లి మైకు ముందు కూర్చుంటే నోరు ఎండిపోయింది, లేచి వచ్చేసింది. వీధిలో బూడిదరంగు శాలువా కనిపిస్తే చాలు, గడ్డం కింద చూసేదాకా కాలు కదిలేది కాదు. లేని మనిషిని వెతుకుతున్నానని తెలిసినా వెతకడం మానలేదు.

"వాడికసలు అమ్మే లేదు," అనేది మొగుడితో. "అంత పచ్చి అబద్ధం అలా చెప్పాడంటే వాడు మనిషి పుట్టుకే పుట్టలేదు."

"పుట్టలేదులే, తిను," అనేవాడు మొగుడు. అలా అనుకుంటేనే ఆమెకు ముద్ద దిగేది.

తర్వాత పోలీసులు కబురు చేశారు. అనుమానం మీద ఒకణ్ణి పట్టుకున్నారు. వాణ్ణి దగ్గర్నుంచి చూసి బతికున్నది ఆమె ఒక్కతే. ఆమె గుర్తుపట్టకపోతే వదిలేయాల్సిందే. మొగుణ్ణి గేటు దగ్గర ఆపి, ఆమెను లోపల వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు.

బల్లకు ఆ చివర ఒక ముసలావిడ ఉంది. బూడిదరంగు శాలువా. మైకక్క అలవాటుగా చూసింది. ముసలావిడ లేచి మంచినీళ్లకు వెళ్లింది, ఎడమకాలు ఈడుస్తూ. తలెత్తి తాగుతుంటే గడ్డం కింద పులిపిరి కనిపించింది. 

"నీవాళ్లు కూడా లోపలున్నారా తల్లీ?" అంది ముసలావిడ వచ్చి కూర్చుంటూ, వినపడనివాళ్ల పెద్ద గొంతుతో. మైకక్క లేరన్నట్టు తల ఊపింది.

"మావాడు కనిపించక చాన్నాళ్లయింది. ఇక్కడున్నాడని నన్ను తీసుకొచ్చారు. ఏం చేశాడో ఎవరూ చెప్పరు. చెప్తున్నారేమో, నాకు వినపడి చావదు. వాడైతే ఏదైనా నాకు రెండుసార్లు చెప్తాడమ్మా. ఎన్నడూ విసుక్కోడు."

అంటే, తప్పిపోయిందన్న ఒక్క ముక్క తప్ప తల్లి గురించి వాడు చెప్పిందంతా నిజమే. ఎరగా వేయడానికి ఒక ముసలమ్మ కావలసి వచ్చింది, వాడు తన్ను కన్నదాన్నే ఇచ్చేశాడు. ఇన్నాళ్లూ రాక్షసుడని అనుకుని ముద్ద మింగింది మైకక్క. తీరా చూస్తే తల్లిని విసుక్కోని కొడుకు. ఆ పక్కన కూర్చోలేక లేచి గోడ దగ్గర నిలబడింది.

లోపలికి పిలిచారు. అద్దం అవతల కొందరు వరసగా నిలబడి ఉన్నారు. వాడు చివర్లో ఉన్నాడు. చిక్కిపోయాడు, తల మాత్రం అలాగే నున్నగా దువ్వుకున్నాడు.

"తొందరేం లేదమ్మా," అన్నాడు అధికారి.

గుర్తులేదు అంటే సరిపోతుంది. బయట ఉన్న ముసలావిడ కొడుకును తీసుకుని ఇంటికి వెళ్తుంది. మైకక్కకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు హమాలీ చెయ్యి గుర్తొచ్చింది, ఆ చెయ్యి పట్టుకుని నమ్మకంగా నడిచొచ్చిన ఇంకొక ముసలావిడ గుర్తొచ్చింది. ఆమె కూడా ఎవరికో అమ్మే.

"అతనే," అని వేలు చూపించింది.

బయటికి రాగానే ముసలావిడ ఆమె చెయ్యి పట్టేసుకుంది. "చూశావా తల్లీ? మావాడేనా? నిన్నేమడిగారు?"

గేటు దగ్గర మొగుడు లేచి నిలబడ్డాడు. చెయ్యి విడిపించుకుని వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"బాంబు పెట్టింది అతనేనని చెప్పొచ్చానమ్మా," అంది మైకక్క. ఆ మాట తనకే సరిగా వినపడలేదు.

ముసలావిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొహం దగ్గరికి తెచ్చింది. "వినపడలేదు. కాస్త గట్టిగా చెప్పమ్మా."

మైకక్క ఆమె పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ రాని గొంతు అప్పుడొచ్చింది, మైకులో వచ్చినట్టే స్పష్టంగా.

"దయచేసి వినండి," అని రెండోసారి చెప్పింది.

వరండా అంతా వినపడింది. ముసలావిడకు కూడా.